సింధు నాగరికతలో రాజు కనిపించడు, మరి ఆ ఊళ్లను ఎవరు నడిపారు?

పాలమూరు చదువరి:

అందరికీ నమస్కారం. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. ప్రాచీన చరిత్రలో రెండు వారాలుగా ఒకే చోట ఆగిపోయాను, ఇక్కడ తెలిసినవాళ్లు ఉంటారని అడుగుతున్నాను.

నా నోట్సులో నదీ లోయ నాగరికతలన్నిటికీ ఒకటే వరస రాసుంది. నది ఒండ్రు తెస్తుంది, పంట మిగులుతుంది, కాలువలు తవ్వడానికి వేల మందిని కూడగట్టాలి కాబట్టి రాజు పుడతాడు, రాజుకి పన్ను కావాలి, పన్నుకి లెక్కలు కావాలి, లెక్కలకి రాత కావాలి. ఈజిప్టుకి ఇది అతికినట్టు సరిపోతుంది, మెసొపొటేమియాకీ పరవాలేదు. సింధు దగ్గరికి వచ్చేసరికి ఏదీ కుదరడం లేదు. ఇది రాజభవనం అని గట్టిగా చెప్పగలిగిన కట్టడం లేదు, రాజు సమాధి లేదు, శత్రువుని తొక్కుతున్నట్టు బొమ్మ చెక్కించుకున్నవాడు ఒక్కడూ లేడు. కానీ హరప్పాకీ మొహెంజొదారోకీ మధ్య 600 కిలోమీటర్లకు పైగా దూరం ఉంటే రెండు చోట్లా ఇటుక నిష్పత్తి ఒకటే, 1:2:4. తూకం రాళ్లు కూడా ఒకటే.

పై నుంచి చెప్పేవాడు లేకుండా ఇదంతా ఎలా కుదిరింది? వీధిలో మురుగు కాలువ పూడిపోతే తీయించింది ఎవరు? పరీక్షకి రెండు వాక్యాలు చాలు అన్నారు మా సర్. ఆ రెండు వాక్యాలు నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

మట్టిపెంకు:

మీ నోట్సులో ఉన్న వరసనే ముందు పట్టుకుందాం, చిక్కు అక్కడే ఉంది. కాలువల కోసమే రాజ్యం పుట్టిందన్న మాట 1950లలో విట్‌ఫోగెల్ అనే పండితుడు గట్టిగా చెప్పాడు, చాలా పాఠ్యపుస్తకాల్లోకి అక్కడి నుంచే వచ్చింది. కానీ తవ్వకాల్లో బయటపడిన కాలక్రమం దానికి ఒప్పుకోదు. ఇరాక్ తూర్పున చోగా మామి అనే చోట క్రీ.పూ. 6000 ప్రాంతంలోనే చిన్న చిన్న సాగు కాలువలు ఉన్నాయి. అప్పటికి రాజు లేడు, పట్టణం లేదు, రాత లేదు. ఊరివాళ్లు కలిసి తవ్వుకున్నారు, అంతే. రాజులు కనిపించేసరికి ఇంకో 3000 ఏళ్లు పట్టింది.

ఇంకో సంగతి, నదులన్నీ ఒకేలా ఉండవు, దీన్ని మనం తేలిగ్గా వదిలేస్తాం. ఈజిప్టులో నైలు వరద ఎండాకాలం చివర్లో పెరిగి, సెప్టెంబరు నాటికి పొలాలు ముంచి, అక్టోబరులో తీసేస్తుంది. తడి మట్టిలో విత్తనం చల్లితే మార్చి, ఏప్రిల్‌కల్లా కోత. అంటే రైతుకి ఎప్పుడు కావాలో అప్పుడే నీళ్లు వస్తాయి, ఎప్పుడు అక్కర్లేదో అప్పుడు పోతాయి. పొలాల చుట్టూ గట్లు వేసి ఆ నీటిని కొన్ని వారాలు ఆపుకుంటే చాలు, ఆ పని ఏ ప్రాంతం వాళ్లు ఆ ప్రాంతంలోనే చూసుకునేవాళ్లు. ఫారో చేసింది వరద ఎత్తు కొలిపించడం, రాయించడం. పలెర్మో శిల అని ఒకటి ఉంది, ఏడాదికేడాది వరద ఎన్ని మూరలు వచ్చిందో దానిమీద చెక్కారు. వరద ఎంతో తెలిస్తే పంట ఎంతో తెలుస్తుంది, పంట ఎంతో తెలిస్తే శిస్తు ఎంత అడగొచ్చో తెలుస్తుంది.

మెసొపొటేమియా నదులు టైగ్రిస్, యూఫ్రటీస్ దీనికి పూర్తిగా ఎదురు. టర్కీ కొండల్లో మంచు కరిగి ఏప్రిల్, మే నెలల్లో వరద వస్తుంది, అప్పటికి బార్లీ కోతకి సిద్ధంగా నిలబడి ఉంటుంది. విత్తేటప్పుడు నీళ్లు చాలవు, కోసేటప్పుడు ముంచుతాయి. అక్కడ గట్టు లేకపోతే బతుకే లేదు. సింధు విషయానికొస్తే వరద జూలై, ఆగస్టుల్లో వచ్చి తగ్గుతుంది, ఆ ఒండ్రు మీద గోధుమ, బార్లీ శీతాకాలం పంటగా వేసుకుంటే ఎండలు ముదరకముందే చేతికొస్తాయి. కొత్త ఒండ్రు పడిన చోట పెద్ద కాలువల అవసరం అంతగా లేదు. కాబట్టి మూడు నదులు, మూడు రకాల పని. పని వేరైనప్పుడు పెద్దరికం కూడా ఒకేలా ఉండాలని ఎందుకు అనుకోవాలి?

కాలువ గట్టు:

బాబూ, నేను చరిత్ర చదువుకున్నవాణ్ని కాదు. కృష్ణా డెల్టాలో 31 ఏళ్లు కాలువ మీద ఉద్యోగం చేసి రిటైర్ అయ్యాను. అయినా ఈ విషయం మీద నేను చెప్పగలిగింది ఒకటుంది.

ఒక ఊరి లోపల నీటి తగాదా వస్తే ఊరే తేల్చుకుంటుంది. వంతులు పెట్టుకుంటారు, పూడికతీతకి ఇంటికో మనిషి వస్తాడు, రానివాడి చేత డబ్బు కట్టిస్తారు. నా సర్వీసులో ఊరి లోపలి గొడవ పోలీసు దాకా పోవడం రెండు మూడు సార్లకు మించి చూడలేదు. అసలు గొడవ ఎక్కడంటే ఎగువ ఊరికీ చివరి ఆయకట్టు ఊరికీ మధ్య. పైవాళ్లు రాత్రికి రాత్రి అడ్డుకట్ట వేస్తారు, కింద నారుమళ్లు ఎండిపోతాయి, రెండు ఊళ్లకీ కలిపి పెద్దమనిషి ఎవడూ ఉండడు. అక్కడే పై అధికారి అవసరం వస్తుంది.

మా మనవడు ఇంటర్నెట్‌లో చూపిస్తే చదివాను, సుమేరులో, అంటే మెసొపొటేమియా దక్షిణ భాగంలో, సరిగ్గా ఇదే జరిగింది. ఉమ్మా, లగాష్ అని రెండు పట్టణాలు. ఉమ్మా ఎగువన, లగాష్ దిగువన. మధ్యలో గువెదెన్నా అనే సారవంతమైన మాగాణి కోసం, కాలువ నీళ్ల కోసం తరాల తరబడి కొట్టుకున్నారు. మొదట కిష్ పట్టణపు రాజు మెసిలిం వచ్చి సరిహద్దు రాయి పాతించాడు. ఉమ్మా వాళ్లు దాన్ని పీకేశారు. క్రీ.పూ. 2450 ప్రాంతంలో లగాష్ రాజు ఎయన్నాటుం యుద్ధం గెలిచి ఒక పెద్ద రాతి పలక చెక్కించాడు, చచ్చినవాళ్ల తలలు గద్దలు ఎత్తుకుపోతున్నట్టు ఉంటుంది అందులో. దాని ముక్కలు ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయట. ఆ తర్వాతా గొడవ ఆగలేదు. ఎన్మెతెనా అనే రాజు ఈ తగువు చరిత్ర అంతా మట్టి శంకువు మీద రాయించి పెట్టాడు.

వాళ్ల భాషలో రాజుని లూగల్ అంటారు. లూ అంటే మనిషి, గల్ అంటే పెద్ద. పెద్దమనిషి! ఇది చదివినప్పుడు నాకు చాలా సేపు వేరే పని తోచలేదు.

ఇంకా తర్వాతి కాలం బాబిలోన్ రాజు హమ్మురాబి చట్టాల్లో మా డిపార్ట్‌మెంట్ రూల్సు లాంటివే ఉన్నాయి. గట్టు బాగుచేసుకోకుండా బద్ధకించినవాడి చోట గండి పడి పక్క పొలాలు మునిగితే, పోయిన ధాన్యం వాడే ఇచ్చుకోవాలి. ఇచ్చుకోలేకపోతే వాణ్నీ వాడి సొత్తునీ అమ్మి ఆ వెండిని నష్టపోయిన రైతులు పంచుకోవాలి. క్రీ.పూ. 1750 నాటి మాట అది. గండి పడ్డప్పుడు ఒక ఊరి జనం మొహాలు ఎలా ఉంటాయో దగ్గరుండి చూసినవాణ్ని, ఆ చట్టం అంత కఠినంగా ఎందుకుందో నాకు అర్థమవుతుంది.

పాలమూరు చదువరి:

కాలువ గట్టు గారూ, పెద్దమనిషి మాట ఇక మర్చిపోను. మట్టిపెంకు గారూ, మూడు నదుల వరద నెలలు ఇలా పక్కపక్కన పెట్టి ఎవరూ చెప్పలేదు, థాంక్యూ అండి. కానీ సింధు ప్రశ్న ఇంకా అలాగే ఉంది. కాలువ గొడవలు లేవు కాబట్టి రాజు అక్కర్లేదు అనుకుందాం, మరి ఆ ఇటుకలు, ఆ మురుగు కాలువలు?

ధోలావీరా ఎండ:

నేను నాలుగేళ్లు కచ్‌లో ఉద్యోగం చేశాను. అక్కడి సింధు నాగరికత ఊరు ధోలావీరాకి మూడుసార్లు వెళ్లాను, మొదటిసారి యాత్రలా, తర్వాత రెండుసార్లు ఆ చెరువుల కోసమే. రణ్ మధ్యలో ఖదీర్ అనే దిబ్బ మీద ఉంటుంది ఊరు. చుట్టూ ఉప్పు. ఏడాది పొడుగునా పారే నది లేదు, వానాకాలంలో పారే వాగులు రెండే, మన్సర్, మన్హర్. వాటికి అడ్డుకట్టలు వేసి ఆ నీళ్లని ఊరి గోడ వెంబడి రాతిలో తొలిచిన పెద్ద పెద్ద జలాశయాల్లోకి మళ్లించారు. మెట్లు దిగి అడుగున నిలబడితే తల ఎత్తి చూడాల్సినంత లోతు. 4500 ఏళ్ల కిందటి పని. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

మీరు అడిగిన ఎవరు అన్నదానికి నేరుగా జవాబు చెప్పే శాసనం లేదు, కానీ మిగిలినవాటిని చూస్తే కొంత ఊహించొచ్చు. మొహెంజొదారోలో 700 బావుల దాకా ఉండి ఉంటాయని అంచనా. ఊరంతటికీ ఒక్క చోట నుంచి నీళ్లు పంచే ఏర్పాటు కాదది, పేటపేటకీ, చాలాసార్లు ఇంటింటికీ బావి. మురుగు కూడా అలాగే, ఇంట్లో స్నానాల గది నుంచి వీధి కాలువలోకి, అక్కడక్కడా మడ్డి దిగడానికి ఇటుక గుంతలు. ఆ గుంతలు తరచూ తోడకపోతే వారంలో వీధి కంపు కొడుతుంది. తోడారు, వందల ఏళ్లు తోడారు, వీధి మట్టం పెరిగినప్పుడు బావుల గోడలు కూడా పైకి కట్టుకుంటూ పోయారు. ఇది ఒక రాజు ఒకసారి హుకుం జారీ చేస్తే జరిగే పని కాదండి. పేటలో ఎవరో ఒకరు ప్రతి వారం పట్టించుకుంటేనే జరుగుతుంది.

తూకం రాళ్ల విషయంలో ఇంకో ఆధారం ఉంది. చెర్ట్ రాతితో నున్నగా చేసిన ఘనాలు, 1, 2, 4, 8, 16 అని రెట్టింపు అవుతూ పోతాయి, ఎక్కువగా దొరికేది సుమారు 13.7 గ్రాములది. అంత చిన్న తూకాలు ధాన్యానికి కాదు, పూసలకి, రంగురాళ్లకి, లోహానికి. హరప్పాలో ఇవి ఊరి ద్వారాల దగ్గర ఎక్కువగా దొరికాయి కాబట్టి లోపలికి వచ్చే సరుకు మీద సుంకం తీసుకునేవాళ్లని కెనోయర్ లాంటి పరిశోధకులు అంటారు. అంటే వసూలు ఉంది. వసూలు చేసేది ఒక్క మనిషి కాకపోవచ్చు, వర్తకులు, పెద్ద భూములున్నవాళ్లు, పూజలు చేయించేవాళ్లు, ఇలా కొన్ని గుంపులు కలిసి నడిపి ఉండొచ్చు. నాకు ఎక్కువ నమ్మకంగా అనిపించేది ఇదే. దూరపు ఊళ్లతో వ్యాపారం చేసేవాడికి తూకం ఒకటే ఉండటం ఎంత అవసరమో, రాజు లేకపోయినా అది ఎందుకు నిలబడుతుందో, బంగారం కొట్టు నడిపిన ఎవరినైనా అడగండి.

గోదారి అద్దరి:

పైన చెప్పిన వాటిలో చాలావరకు ఒప్పుకుంటాను కానీ ఒకచోట జాగ్రత్త పడమంటాను. రాజు లేడు అనగానే అందరూ సమానంగా, ప్రశాంతంగా బతికారు అనే దాకా వెళ్లిపోతున్నారు ఈ మధ్య చాలామంది. అది కూడా మనం కోరుకున్నది అక్కడ చూడటమే.

మొహెంజొదారోలో పడమటి దిబ్బ కింద ఇటుకలతో, మట్టితో పెద్ద వేదిక కట్టారు, దాని మీదే మహా స్నానవాటిక ఉంది, 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, నీళ్లు ఇంకకుండా తారు పూత. ఆ మట్టి మోసింది ఎవరు? ఆ నీళ్లలో దిగనిచ్చింది ఎవరిని? ఇళ్లలో ఒకటి రెండు గదులవీ ఉన్నాయి, నడిమి ముంగిలి చుట్టూ పది గదులు ఉన్నవీ ఉన్నాయి. మడ్డి గుంతలు తోడినవాళ్లు ఏ ఇంట్లో ఉండేవాళ్లు? ఈ ప్రశ్న నన్ను వదలదు. మన ఊళ్లలో మురుగు ఎత్తే పని ఎవరి నెత్తిన పడుతూ వచ్చిందో తెలిసినవాళ్లం, వాళ్ల కాలంలో అది ఎవరో పంచుకుని చేసిన పని అని ఆధారం లేకుండా నేను అనుకోలేను. అలాగని ఫలానావాళ్లే అని చెప్పడానికీ ఆధారం లేదు.

పేర్ల విషయం కూడా చూడండి. గడ్డంతో, శాలువాతో ఉన్న 17.5 సెంటీమీటర్ల బొమ్మని పురోహిత రాజు అన్నది తవ్వినవాళ్లే. మహా ధాన్యాగారం అన్న కట్టడంలో ధాన్యం దాచిన ఆనవాలు లేదు. మెసొపొటేమియాని మనసులో పెట్టుకుని ఇక్కడ పేర్లు పెట్టారు, మన పాఠ్యపుస్తకాలు వాటినే మోస్తున్నాయి.

సుమేరులో మామూలు మనిషి మనకి కనిపించడానికి కారణం మట్టి పలకలు. ఉరుక్‌లో క్రీ.పూ. 3200 ప్రాంతపు పలకల్లో ఎక్కువ భాగం జమాఖర్చులే. కథలు కాదు, ప్రార్థనలు కాదు. ఒకదాని మీద 29,086 కొలతల బార్లీ, 37 నెలలు, కుషిం అని ఉంటుంది, అది మనిషి పేరో ఉద్యోగం పేరో కానీ చరిత్రలో మనకి తెలిసిన మొట్టమొదటి పేర్లలో ఒకటి ఒక లెక్కలవాడిది. అంచు వాల్చిన ముతక మట్టి గిన్నెలు అక్కడ కుప్పలుగా దొరికాయి, కూలికి బార్లీ కొలిచి ఇచ్చేవని చాలామంది అభిప్రాయం. వాళ్ల రాతలో తిండి, బత్తెం అన్న అర్థానికి గుర్తు ఏమిటో తెలుసా, ఒక మనిషి తల, నోటి దగ్గర గిన్నె. ఈజిప్టులో అయితే 3వ రామెసెస్ ఏలుబడి 29వ ఏట, రాజుల సమాధులు చెక్కే పనివాళ్లు ధాన్యం బత్తెం ఆలస్యమైందని పనిముట్లు వదిలేసి గుడి దగ్గర కూర్చున్నారు. మనకి తెలిసిన మొదటి సమ్మె అది, అదీ ఒక రాతగాడు రాసిపెట్టబట్టి తెలిసింది.

సింధులో ముద్రల మీద రాతలు సగటున 5 గుర్తులే. 400కు పైగా గుర్తులున్నాయి, లిపి పరిశోధకుడు ఇరావతం మహదేవన్ 1977లో అన్నిటినీ క్రమంగా పట్టిక వేశారు, భాష ద్రావిడ కుటుంబానిది కావచ్చని వాదించారు. కానీ ఇప్పటికీ ఎవరూ అందరూ ఒప్పుకునేలా చదవలేదు. అక్కడ బత్తెం అందనివాడు ఉన్నాడా లేడా అన్నది ఆ మట్టి మనకి చెప్పలేదు. అందుకే పరీక్షలో రాజు లేడు అని రాయకండి, రాజు ఉన్నట్టు ఆధారం దొరకలేదు అని రాయండి. ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

ధోలావీరా ఎండ:

అద్దరి గారూ, మీరన్న చివరి మాట సరైనదే, నేను ఇంకొంచెం జాగ్రత్తగా చెప్పాల్సింది. అయితే ఒక పోలిక మాత్రం వదులుకోలేను. అదే కాలానికి సుమేరు పట్టణం ఉర్‌లో, ఉలీ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్విన సమాధుల్లో ఒకదాంట్లో 74 మంది పరిచారకుల శవాలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి, ఎక్కువమంది ఆడవాళ్లు, తలల మీద బంగారు ఆకులు. ఆ సమాధుల్లో దొరికిన ఎర్రటి పూసల్లో కొన్ని సింధు ప్రాంతం నుంచి వెళ్లినవే! మనవాళ్లు ఆ పూసలు చేసి, తూచి, ఓడలో పంపారు. కానీ హరప్పా శ్మశానంలో అలాంటి చావు ఒక్కటీ లేదు. కొన్ని కుండలు, కొన్ని గాజులు, అంతే. అందరూ సమానమని నేను అనడం లేదు. కానీ పెద్దవాడు పోతే 74 మందిని వెంట తీసుకెళ్లే సమాజం, తీసుకెళ్లని సమాజం ఒకటి కావు.

ఇంకొకటి, లూవ్ర్‌లోనే ఒక అక్కాదు (మెసొపొటేమియాలోని ఒక రాజ్యం) ముద్ర ఉంది, షు ఇలిషు అనే వ్యక్తిది. మెలుహ్హ భాష దుబాసి అని దాని మీద రాసుంది. మెలుహ్హ అంటే సింధు దేశమని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. ఆ దుబాసి నోట్లో ఏ భాష ఉండేదో అని ఎన్ని రాత్రులు ఆలోచించానో.

పాలమూరు చదువరి:

ఇంత రాస్తారనుకోలేదు, ప్రింట్ తీసుకుని నోట్సులో పెట్టుకున్నాను. ఇంకో రెండు అడగొచ్చా? ఒకటి, ఊళ్లు ఖాళీ అయినప్పుడు ఈ ఏర్పాటు ఏమైంది? రెండు, అదే కాలంలో మన దగ్గర, అంటే కృష్ణ, తుంగభద్రల పక్కన ఎవరున్నారు? మా జిల్లా పేరు ఏ పుస్తకంలోనూ కనపడదు.

మట్టిపెంకు:

మొదటిది పొట్టిగా చెబుతాను. క్రీ.పూ. 2200 ప్రాంతంలో పెద్ద కరువు కాలం మొదలైంది, ఈజిప్టు పాత రాజ్యం, అక్కాదు కూడా ఆ దరిదాపుల్లోనే కూలాయి. సింధులో ఒక్కసారిగా కూలడం లేదు, క్రీ.పూ. 1900 నుంచి పట్టణాలు పలచబడుతూ జనం తూర్పుకి, గుజరాత్ వైపుకి చిన్న ఊళ్లలోకి సర్దుకున్నారు. సింధుకి తూర్పున ఉన్న ఘగ్గర్ హక్రా అనే నది దారి సంగతి కూడా చూడండి, సట్లెజ్ ఆ దారి వదిలి 8000 ఏళ్లు దాటిందని 2017లో వచ్చిన పరిశోధన చెప్పింది, అంటే కాలీబంగన్ లాంటి ఊళ్లు పెద్ద నది వదిలేసిన పాత పాయల పక్కన, వానాకాలపు నీళ్ల మీద బతికాయి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఏమిటంటే, పట్టణాలతో పాటు మాయమైనవి తూకం రాళ్లు, ముద్రలు, రాత. వ్యవసాయం పోలేదు, కుండలు చేయడం పోలేదు, పూసల పని పోలేదు. అంటే ఆ ఏర్పాటు ఊరి బతుకుకి సంబంధించినది కాదు, ఊరికీ ఊరికీ మధ్య నడిచిన లావాదేవీలకి సంబంధించినది. కాలువ గట్టు గారు చెప్పింది ఇక్కడా వర్తిస్తుంది చూడండి, ఊళ్ల మధ్య సంబంధం ఉన్నప్పుడే ఉమ్మడి కొలత కావాల్సి వచ్చింది.

రెండోది, మీ జిల్లా పేరు పుస్తకంలో ఉంది, సరైన పుస్తకం మీకు దొరకలేదంతే. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో మక్తల్ వైపు ఉట్నూరు (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) దగ్గర బూడిద దిబ్బని 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వాడు. మొహెంజొదారోలో ఇటుకలు పేరుస్తున్న రోజుల్లోనే ఇక్కడ మనవాళ్లు పెద్ద దుంగలు పాతి ఆలమందలకి దొడ్లు కట్టారు. లోపల గుట్టగా పేరుకున్న పేడని మళ్లీ మళ్లీ తగలబెట్టారు, పండగ కోసమా, రోగం రాకుండానా అన్నది తేలలేదు, అదే గట్టిపడి బూడిద దిబ్బ అయింది. అనంతపురం వైపు పాల్వాయిలో కూడా ఇలాంటిది ఉంది. పట్టణం లేదు, ముద్రలు లేవు, కానీ అన్ని వందల పశువుల్ని కలిపి ఒకే దొడ్డిలో పెట్టాలన్నా, ఎవరి మంద ఎప్పుడు మేతకి పోవాలన్నా ఏదో ఒక కట్టుబాటు ఉండే ఉంటుంది.

ఆల్చిన్ తవ్వినప్పుడు ఆ బూడిద పొరల మధ్య పశువుల గిట్టల అచ్చులు అలాగే ఉన్నాయి.

పాలమూరు చదువరి:

మక్తల్ మా అమ్మమ్మ వాళ్ల ఊరికి దగ్గరే. వచ్చే ఆదివారం వెళ్తున్నాను, ఆ చుట్టుపక్కల పెద్దవాళ్లని బూడిద దిబ్బ ఎక్కడని అడుగుతాను, ఏం చెప్పారో ఇక్కడే రాస్తాను.